రెండు బరువైన కేంద్రకాలు అతుక్కుంటాయా? కాలిక్యులేటర్‌తో తేల్చుకునే లెక్క

కాకినాడలో ఎమ్మెస్సీ పిల్లలకు న్యూక్లియర్ ఫిజిక్స్ చెబుతాను. సంలీనం (ఫ్యూజన్) అనగానే వాళ్ళ ఆలోచన తిన్నగా సూర్యుడి దగ్గరికి పోతుంది. నాలుగు హైడ్రోజన్లు, ఒక హీలియం, బోలెడంత శక్తి. బరువైన కేంద్రకాల సంగతి వేరు. సీసం, బిస్మత్, క్యూరియం లాంటివాటి మీదికి ఇంకో కేంద్రకాన్ని విసిరి అతికించాలి. శక్తి మనమే పెట్టాలి. పెట్టింది తక్కువైతే అవి దగ్గరికే రావు, ఎక్కువైతే కలిసినట్టే కలిసి చీలిపోతాయి.

మొన్న ఒకబ్బాయి అడిగాడు. "మేడమ్, జింక్‌తో బిస్మత్‌ని కొడితే 113వ మూలకం వస్తుందని పుస్తకంలో ఒక్క లైన్లో తేల్చేశాడు. ముప్పై, ఎనభై మూడు కలిపితే నూట పదమూడని నాకూ తెలుసు. ఎంత స్పీడుతో కొట్టాలి, ఎన్నాళ్ళు కొట్టాలి, అది ఎక్కడ రాసుంటుంది?"

ఎక్కడా రాసి ఉండదు, లెక్క కట్టుకోవాలి. సైంటిఫిక్ కాలిక్యులేటర్, కేంద్రక ద్రవ్యరాశుల పట్టిక, ఒక గంట తీరిక ఉంటే చాలు. నేను పీహెచ్‌డీలో నేర్చుకున్న వరసలోనే చెబుతాను, అప్పుడు చేసిన తప్పుతో సహా.

ముందు సులువైన జంటతో చేయి తిప్పుకుందాం. ఆక్సిజన్-16 బీమ్ (విసిరే కేంద్రకాల ధార), సీసం-208 టార్గెట్ (దెబ్బ తినేది). ఈ రంగంలో ఇది ఓనమాల్లాంటిది, కొలిచినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి మన జవాబు సరిచూసుకోవచ్చు. ఆ తర్వాత జింక్-70, బిస్మత్-209.

మొదటి పని గోడ ఎత్తు కట్టడం. రెండూ పాజిటివ్ చార్జీలే, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఎంత దగ్గరికొస్తే న్యూక్లియర్ బలం చేయందుకుంటుందో అక్కడిదాకా ఈ నెట్టుడుని తట్టుకుని రావాలి. దీన్నే కూలుంబ్ బ్యారియర్ అంటారు. కేంద్రకం వ్యాసార్ధం కావాలంటే దాని ద్రవ్యరాశి సంఖ్య ఘనమూలాన్ని 1.2తో గుణించండి, ఫెర్మీల్లో (కేంద్రకాలని కొలిచే అతి చిన్న పొడవు యూనిట్) వస్తుంది. 16 ఘనమూలం 2.52, 208 ఘనమూలం 5.92. రెండూ కలిపి 1.2తో గుణిస్తే 10.1 ఫెర్మీలు. చాలామంది పిల్లలు ఇక్కడే ఆగిపోయి భాగహారం చేసేస్తారు. ఆగకండి. న్యూక్లియర్ బలం కేంద్రకం అంచు దాటి కూడా కొంత దూరం పాకుతుంది, అందుకే గోడ శిఖరం ఇంకో రెండు ఫెర్మీలు బయటే ఉంటుంది. కాబట్టి 12.1.

ఇప్పుడు పరమాణు సంఖ్యల గుణకారం: 8 ఇంటూ 82, అంటే 656. దాన్ని 1.44తో (చార్జీల నెట్టుడుని శక్తిగా మార్చే స్థిరాంకం) గుణించి 12.1తో భాగిస్తే 78 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు). ప్రయోగాల్లో వచ్చిన విలువ 74, 75 మధ్య ఉంటుంది. శిఖరం దగ్గర న్యూక్లియర్ ఆకర్షణ కూడా కాస్త కిందికి లాగుతుంది, దాన్ని మనం కలపలేదు. వేలితో కొలిచిన లెక్కకి ఇంత దగ్గరగా రావడం ఎక్కువే. ఆ రెండు ఫెర్మీలు మర్చిపోయి ఉంటే 93 వచ్చేది, బీమ్ టైమంతా అనవసరమైన ఎత్తులో తిరిగేవాళ్ళం.

అదే పద్ధతిలో జింక్, బిస్మత్. ఘనమూలాలు 4.12, 5.93. వాటిని కూడి 1.2తో గుణించి, పైన చెప్పిన ఆ రెండు ఫెర్మీలు కలిపితే 14.1 ఫెర్మీలు. 30 ఇంటూ 83, 2490. గోడ దాదాపు 255 ఎంఈవీ. ఆక్సిజన్‌తో పోలిస్తే మూడు రెట్లకు పైనే.

రెండో పని యాక్సిలరేటర్ (బీమ్‌కి వేగం ఇచ్చే యంత్రం) వాళ్ళకి ఏ సంఖ్య ఇవ్వాలో తేల్చుకోవడం. నా తప్పు జరిగింది ఇక్కడే.

పైన కట్టిన ఎత్తు సెంటర్ ఆఫ్ మాస్ (సీఎమ్) లెక్కలోది, అంటే నిజంగా ఢీకొనడానికి మిగిలే శక్తి. యాక్సిలరేటర్ ఇచ్చేది ల్యాబ్ ఎనర్జీ. అందులో కొంత భాగం ఢీకొన్న మొత్తం ముద్దని ముందుకి నెట్టడానికే ఖర్చైపోతుంది, అతికించడానికి మిగలదు. మార్చుకోవడం చాలా సులువు: సెంటర్ ఆఫ్ మాస్ విలువని రెండు ద్రవ్యరాశుల మొత్తంతో గుణించి, టార్గెట్ ద్రవ్యరాశితో భాగించాలి. ఆక్సిజన్, సీసానికి 224 బై 208. ఇంత చిన్న గుణకారం.

నాకు మొదటిసారి బీమ్ టైమ్ దొరికింది ఉత్తరాదిలోని ఒక యాక్సిలరేటర్ కేంద్రంలో. వైజాగ్ నుంచి ఒకటిన్నర రోజు రైలు ప్రయాణం. ఆ రోజు ఏయే ఎనర్జీల దగ్గర కొలవాలో కాగితం మీద రాసే పని నాకు అప్పగించారు. పైనుంచి కిందికి 78, 76, 74, 72 అని అందంగా రాసి కంట్రోల్ రూమ్ గోడకి అంటించాను. ల్యాబా, సెంటర్ ఆఫ్ మాసా అన్నది మాత్రం రాయలేదు. ఆపరేటర్ తన పని తను చేశాడు, 78 ఎంఈవీ ఇచ్చాడు. నిజానికి నాకు కావలసింది 84.

రాత్రి పదింటికి మొదలైంది షిఫ్టు. స్క్రీన్ మీద కేంద్రకాలు కుప్ప పడాల్సిన చోట ఒకటీ అరా చుక్కలు. 76కి దిగాక అవీ లేవు. ప్రీ ఆంప్లిఫయర్ పోయిందేమోనని కేబుల్ మార్చాను. డిటెక్టర్ బయాస్ చూశాను. టార్గెట్ చిరిగిందేమోనని టెన్షన్. పక్కనున్న మానిటర్ డిటెక్టర్లలో రూథర్‌ఫర్డ్ స్కాటరింగ్ (అతుక్కోకుండా నెట్టుడుతోనే పక్కకి చెదిరిన బీమ్) మాత్రం శుభ్రంగా పడుతోంది, అంటే బీమ్ ఉంది, టార్గెట్ ఉంది. అప్పుడైనా బుర్ర వెలగలేదు. తెల్లవారుజామున మా సీనియర్ అక్క టీ గ్లాసుతో వచ్చి గోడ మీది కాగితం చూసి, "ఈ డెబ్బై ఎనిమిది ల్యాబా, సీఎమ్మా?" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. ల్యాబ్‌లో 78 అంటే సెంటర్ ఆఫ్ మాస్‌లో 72.4. గోడకి రెండు ఎంఈవీల కింద నిలబడి రాత్రంతా తలుపు కొడుతున్నాను. గోడ కింద కూడా టన్నెలింగ్ (గోడ ఎక్కకుండానే అరుదుగా అవతలికి దూరిపోవడం) ఉంటుంది, అందుకే ఆ ఒకటీ అరా చుక్కలు. కానీ ఒక్కో ఎంఈవీ దిగేకొద్దీ అవకాశం దారుణంగా పడిపోతుంది.

అప్పటి నుంచీ నా కాగితాల్లో ఏ ఎనర్జీ పక్కనైనా "ల్యాబ్" అనో "సీఎమ్" అనో లేకపోతే నాకు నిద్ర పట్టదు. మీరూ రాయండి.

ఆపరేటర్ ఎనర్జీ ఎలా ఇస్తాడో కూడా తెలిసుంటే మంచిది. మన దేశంలో ఢిల్లీలో, ముంబైలో పెల్లెట్రాన్లు అనే యాక్సిలరేటర్లు ఉన్నాయి. అందులో ఒక మైనస్ చార్జి అయాన్ 10 మిలియన్ వోల్టుల టెర్మినల్ వైపు లాగబడి 10 ఎంఈవీ సంపాదిస్తుంది. టెర్మినల్‌లో సన్నని కార్బన్ రేకు దాటేటప్పుడు ఎలక్ట్రాన్లు ఊడిపోయి 7 ప్లస్ చార్జి మిగిలితే, అదే వోల్టేజి దాన్ని బయటికి తోసి ఇంకో 70 ఇస్తుంది. మొత్తం 80. అంటే సీఎమ్‌లో 74.3, సరిగ్గా గోడ అంచు.

ఇంకో చిన్న కోత ఉంది. బీమ్ టార్గెట్‌లో దూరాక కాస్త శక్తి పోతుంది. సగం మందం దాటేసరికి ఎంత మిగులుతుందో అదే మీ అసలు ఎనర్జీ. సన్నని సీసం టార్గెట్‌కి ఆక్సిజన్‌తో ఇది పెద్ద విషయం కాదు. జింక్‌తో అలా కాదు. జపాన్‌లోని రికెన్ సంస్థలో 113 కోసం జింక్ బీమ్ సుమారు 353 ఎంఈవీతో బయలుదేరితే, టార్గెట్ మధ్యకి 349 మిగిలింది. దాన్ని 209 బై 279తో గుణిస్తే సీఎమ్‌లో 261. మనం కట్టిన 255కి కాస్త పైన. వాళ్ళూ గోడ మీదుగా ఒరుసుకుంటూనే వెళ్ళారని కాగితం మీదే కనిపిస్తోంది కదా.

మూడో పని మిగిలిన వేడి లెక్క. కలిశాక పుట్టిన ముద్దలో ఎంత శక్తి మిగిలిపోయింది? ద్రవ్యరాశి పట్టికలో మాస్ ఎక్సెస్ (అసలు ద్రవ్యరాశికీ ద్రవ్యరాశి సంఖ్యకీ ఉన్న తేడా, ఎంఈవీల్లో) అనే కాలమ్ చూడండి. ఆక్సిజన్-16కి మైనస్ 4.74, సీసం-208కి మైనస్ 21.75. కలిసి పుట్టే థోరియం-224కి ప్లస్ 20. అంటే అతికించడానికే 46.5 ఎంఈవీ మింగేస్తుంది. 74.3లో అది తీసేస్తే 27.8 వేడిగా మిగులుతుంది. ఆ వేడి పోగొట్టుకోవడానికి ముద్ద రెండు మూడు న్యూట్రాన్లను ఆవిరి చేస్తుంది, లేదా రెండు ముక్కలుగా చీలిపోతుంది.

జింక్, బిస్మత్‌కి ఆ మింగుడు 248 ఎంఈవీ దాకా ఉంటుంది. 113వ మూలకం ద్రవ్యరాశిని ఎవరూ తూచి చూడలేదు, సిద్ధాంతాలిచ్చే విలువే వాడతారు. 261లోంచి అది తీసేస్తే మిగిలేది 13, 14 ఎంఈవీలే. ఒకే ఒక్క న్యూట్రాన్ పోతే చల్లబడిపోతుంది. సీసం, బిస్మత్ టార్గెట్లని ఇందుకే ఎంచుకుంటారు. సీసం-208లో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ రెండూ మ్యాజిక్ సంఖ్యలే, గట్టిగా బిగిసి ఉన్న కేంద్రకం. దాన్ని ఇంకోదానితో కలపడానికి ఎక్కువ శక్తి లాగేసుకుంటుంది, కాబట్టి మిగిలే వేడి తక్కువ. దీన్నే కోల్డ్ ఫ్యూజన్ అంటారు. (నీళ్ళ జాడీలో, గది వేడిలో సంలీనం జరిగిందని 1989లో వచ్చిన గొడవకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు వైవాలో ఈ రెండూ కలిపేస్తారు.) జర్మనీలో డార్మ్‌స్టాట్ వాళ్ళు 1981 నుంచి 1996 దాకా 107 నుంచి 112 వరకూ ఈ దారిలోనే చేశారు. రష్యాలో డుబ్నా వాళ్ళది ఇంకో దారి. కాల్షియం-48 బీమ్‌తో ప్లుటోనియం, అమెరీషియం, బెర్కీలియం లాంటివాటిని కొడతారు. వేడి 30, 40 ఎంఈవీల దాకా ఉంటుంది, మూడు నాలుగు న్యూట్రాన్లు పోతాయి. వేడి ఎక్కువైనా ఆ దారిలో 114 నుంచి 118 దాకా వచ్చాయి.

ఎందుకో తెలియాలంటే నాలుగో మెట్టు ఎక్కాలి. ఇక్కడ కాలిక్యులేటర్ కంటే తెలివి ఎక్కువ కావాలి. మా క్లాసులో దీన్ని పెళ్ళి భాషలో చెబుతాను, పిల్లలు మర్చిపోరు. గోడ దాటి తగులుకోవడం తాంబూలాలు. రెండూ కరిగి ఒకే ముద్ద కావడం పెళ్ళి. చీలిపోకుండా న్యూట్రాన్ వదిలి నిలబడటం కాపురం. మొత్తం అవకాశం మూడింటి గుణకారం. ఆక్సిజన్, సీసం జంటకి తాంబూలాలైతే పెళ్ళి అయినట్టే. కాపురం దగ్గరే చాలావరకు విచ్ఛిత్తి ఎగరేసుకుపోతుంది. బరువు పెరిగేకొద్దీ పెళ్ళే ఆగిపోతుంది. అంటుకుంటాయి, కొన్ని ప్రోటాన్లూ న్యూట్రాన్లూ ఇటూ అటూ మార్చుకుంటాయి, ఒక్కటి కాకుండానే విడిపోతాయి. క్వాసీ ఫిషన్ అంటారు. పరమాణు సంఖ్యల గుణకారం 1600 దాటాక ఈ బెడద మొదలవుతుందని స్థూలంగా చెప్పే మాట. జింక్, బిస్మత్‌కి 2490. కాల్షియం, అమెరీషియంకి 20 ఇంటూ 95, అంటే 1900. ఇప్పుడు అర్థమైందా? డుబ్నా దారిలో కాపురం కష్టం, కానీ పెళ్ళి సులువు. పైగా కాల్షియం-48లో న్యూట్రాన్లు ఎక్కువ, పుట్టినదానికి ఆ కట్నం పనికొస్తుంది. ప్రకృతిలో దొరికే కాల్షియంలో అది 0.187 శాతమే కాబట్టి ఖరీదు మాత్రం అడక్కండి.

మూడింటి గుణకారాన్ని క్రాస్ సెక్షన్‌గా, అంటే ఆ అవకాశాన్ని ఒక విస్తీర్ణంగా రాస్తారు. అది చేతిలో ఉంటే అయిదో పని, ఎన్నాళ్ళు కొట్టాలో తేల్చడం, అంకగణితమే. జింక్, బిస్మత్‌కి క్రాస్ సెక్షన్ చివరికి తేలింది 22 ఫెమ్టోబార్న్‌లు, అంటే 22 ఇంటూ 10⁻³⁹ చదరపు సెంటీమీటర్లు. బిస్మత్ టార్గెట్ మందం చదరపు సెంటీమీటరుకి 0.45 మిల్లీగ్రాములు అనుకోండి. 209తో భాగించి అవొగాడ్రో సంఖ్యతో గుణిస్తే 1.3 ఇంటూ 10¹⁸ అణువులు. మొత్తం మీద పంపిన జింక్ అయాన్లు 1.35 ఇంటూ 10²⁰. మూడూ గుణించండి. 3.9 వస్తుంది. బీమ్‌లోంచి కొత్త కేంద్రకాన్ని వేరుచేసే సెపరేటర్ వందలో ఎనభైని పట్టుకుంటుందనుకుంటే 3.1.

రికెన్ వాళ్ళకి దొరికినవి సరిగ్గా మూడు. 2004 జులై 23న ఒకటి, 2005 ఏప్రిల్ 2న ఒకటి, 2012 ఆగస్టు 12న ఒకటి. బీమ్ నడిచిన రోజులు 553. బోర్డు మీద ఈ గుణకారం చేసినప్పుడల్లా క్లాసు నిశ్శబ్దమైపోతుంది. జవాబు తెలిసి వెనక్కి చేసిన లెక్కే, అయినా సరే.

ఇందులో ఇంకో పాఠం ఉంది. మొదటి అణువు దొరికినప్పుడు వాళ్ళు లెక్కగట్టిన క్రాస్ సెక్షన్ 55 ఫెమ్టోబార్న్‌లు, దాని పక్కన ప్లస్ 150, మైనస్ 45. ఒక్క సంఘటనతో ఇంతకంటే చెప్పలేం. రెండోది దొరికాక మూడోదానికి ఏడేళ్ళు ఎదురుచూడటంతో ఆ సంఖ్య 22కి జారింది. మీ ప్రపోజల్‌లో ఎవరో ఒక్క సంఘటనతో కట్టిన సంఖ్యని నమ్మి పది రోజుల బీమ్ టైమ్ అడగకండి. ఆ సంఖ్యలో సగం కూడా రాదనుకుని అడగండి.

మన ఆక్సిజన్, సీసానికి ఇదే లెక్క చేస్తే ఊపిరి పీల్చుకుంటారు. టార్గెట్ చదరపు సెంటీమీటరుకి 200 మైక్రోగ్రాములు, బీమ్ సెకనుకి 6 ఇంటూ 10¹⁰ అయాన్లు, క్రాస్ సెక్షన్ 1 మిల్లీబార్న్ (10⁻²⁷ చదరపు సెంటీమీటర్లు) అనుకోండి. సెకనుకి 35 దాకా పుడతాయి. రెండు క్రాస్ సెక్షన్ల మధ్య తేడా దాదాపు 4,500 కోట్ల రెట్లు.

ఆ జపాన్ బృందానికి నాయకుడు కొసుకె మొరిటా. గుడికెళ్ళినప్పుడల్లా 113 యెన్లు వేసేవారట. మనవాళ్ళయితే అలవాటుగా నూట పదహార్లు వేసేవాళ్ళు, 116వ మూలకం లివర్మోరియం పుట్టి ఊరుకునేది.

కాగితం పని అయ్యాక చేతి పని, టార్గెట్. కాగితం మీద 200 మైక్రోగ్రాములని రాయడం తేలికే, తయారుచేయడానికి ఓపిక కావాలి. గాజు స్లైడ్ మీద ముందు సబ్బులాంటి విడుదల పొర, దాని మీద కార్బన్, దాని మీద వాక్యూమ్‌లో ఆవిరి చేసిన సీసం. స్లైడ్‌ని డిస్టిల్డ్ వాటర్‌లోకి ఏటవాలుగా, నెమ్మదిగా దించితే అడుగు పొర కరిగి రేకు నీటి మీద తేలుతుంది. పాల మీద మీగడ ముడతలు పడ్డట్టు వణుకుతుంటుంది. నీటి లోపలి నుంచి అల్యూమినియం ఫ్రేమ్ పైకి తెచ్చి దాన్ని అందుకోవాలి. పని మొదలెట్టే ముందు గదిలో ఫ్యాన్ ఆపండి. ఏసీ గాలి అటు రాకుండా చూడండి. మాట్లాడకండి, నవ్వకండి. నేను ఆరు స్లైడ్లు దించితే రెండు టార్గెట్లు మిగిలేవి. మిగిలినవాటిని డెసికేటర్‌లో (తేమ లేని మూత డబ్బా) పెట్టకపోతే సీసం గాలికి తుప్పు పట్టిపోతుంది.

బిస్మత్‌తో ఇంకో తలనొప్పి. 271 డిగ్రీలకే కరిగిపోతుంది. అంత బీమ్ ఒకే చోట పడితే నిలవదు. అందుకే టార్గెట్లని చక్రం అంచున అమర్చి గిరగిరా తిప్పుతారు, ఏ చోటా రెప్పపాటు కంటే ఎక్కువసేపు బీమ్ కింద ఉండదు.

ఇక మిగిలింది పుట్టినదాన్ని గుర్తుపట్టడం. పుట్టిన కేంద్రకం బీమ్ దిశలోనే, కాంతి వేగంలో 2.6 శాతంతో ముందుకొస్తుంది. ఇదీ కట్టి చూడండి: 349ని 70 బై 279తో గుణిస్తే దాని గతిజశక్తి, 87 చిల్లర ఎంఈవీ. వెనకాల వచ్చే జింక్ అయాన్లు దాదాపు 10 శాతంతో వస్తాయి. ఈ తేడాని వాడుకునే అయస్కాంతాలు బీమ్‌ని పక్కకి తప్పించి, మన కేంద్రకాన్ని సిలికాన్ డిటెక్టర్‌లోకి దింపుతాయి. అక్కడ అది పాతుకుపోయి, అదే చోట నుంచి ఒకటి తర్వాత ఒకటి ఆల్ఫాలు (హీలియం కేంద్రకాలు) వదలాలి. 2004లో మొదటి అణువు 0.344 మిల్లీసెకన్లకి 11.68 ఎంఈవీ ఆల్ఫా ఇచ్చింది. ఇంకో 9.26 మిల్లీసెకన్లకి 11.15. ఇంకో 7.16కి 10.03. ఆ పైన మరొక ఆల్ఫా, చివర డబ్నియం-262 రెండుగా చీలడం. మూడో అణువు అక్కడ చీలకుండా ఇంకో రెండు ఆల్ఫాలు వదిలి మెండెలీవియం-254 దాకా దిగింది, అంటే బాగా తెలిసిన కేంద్రకాల్లోకి దారి పూర్తయింది. 113ని చేశామన్న వాళ్ళ వాదన గెలిచింది దాంతోనే. 2016లో నిహోనియం అని పేరు పెట్టారు.

ఆ ప్రశ్న అడిగిన అబ్బాయికి ఇవన్నీ చెప్పి ఒక హోంవర్క్ ఇచ్చాను, మీకూ అదే. రికెన్ వాళ్ళు ఇప్పుడు 119 కోసం వనేడియం-51తో క్యూరియం-248ని కొడుతున్నారు. గోడ ఎంత, ల్యాబ్ ఎనర్జీ ఎంత? నాకు గోడ 227, ల్యాబ్‌లో 274 వచ్చింది. వాడు మర్నాడు పొద్దున్నే స్టాఫ్ రూమ్‌కొచ్చి 265 చూపించాడు. రెండు ఫెర్మీలు మర్చిపోయాడు. పక్కన మాత్రం పెద్ద అక్షరాలతో "సీఎమ్" అని రాశాడు.